జపనీస్ పదాల కోసం ఆంకీ: ఎన్‌2 దాకా వాడాక నా మాట

జపనీస్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో (తేలికైన ఎన్‌5 నుంచి కష్టమైన ఎన్‌1 దాకా ఐదు మెట్లుంటాయి) ఎన్‌2 దాకా వచ్చేలోపు ఎన్నో యాప్‌లు ఎక్కించాను, తీసేశాను. ఇప్పటికీ ఫోన్‌లో ఉన్నది ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ ఒక్కటే. చూడ్డానికి అందంగా ఉండదు, సెట్టింగులు తెరిస్తే కొత్తవాళ్లకి టెన్షన్ ఖాయం, అయినా పదాలు గుర్తుండే విషయంలో దీన్ని మించింది నాకు దొరకలేదు.

ఇది చేసేది ఒకటే పని, మనం మర్చిపోబోయే వేళకి కార్డుని మళ్లీ ముందుకు తెస్తుంది. అంతేగానీ పదాన్ని నేర్పదు. ముక్కూ మొహం తెలియని పదం నేరుగా కార్డు మీద కనిపిస్తే నాకు వారం కూడా నిలవదు, అదే ముందు ఏ పాఠంలోనో, జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ల తేలిక జపనీస్ వార్తల్లోనో తగిలి తర్వాత కార్డయితే మాత్రం పోదు.

రోజుకి 20 కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది. ఉద్యోగం చేసేవాళ్లు దాన్ని పదికి దించుకోండి, ఎందుకంటే మొదటి వారం సరదాగానే ఉంటుంది కానీ కొన్ని వారాలకే రోజూ చూడాల్సిన పాతవి రెండొందలకి దగ్గరవుతాయి, ఇక పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు తెరవకపోతే ఆ కుప్ప చూసి యాప్ తీసేయాలనిపిస్తుంది. ఏ కార్డు ఎప్పుడు చూపించాలో తేల్చడానికి 2023లో ఆంకీలో చేర్చిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క డెక్ (అంటే కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో ఉంటుంది, ఆన్ చేసుకుంటే నాకైతే భారం తగ్గింది. ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుకి లీచ్ అని గుర్తు వేస్తుంది, సెట్టింగ్‌ని బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. పెట్టనివ్వండి, ఆ పదం అవసరమైతే ఎక్కడో మళ్లీ ఎదురవుతుంది.

రెడీమేడ్ డెక్‌లు మొదటి వెయ్యి, రెండు వేల పదాల దాకా బాగా పనికొస్తాయి. తర్వాత సొంత కార్డులే. ‘ఎన్‌3 పూర్తి పదాల జాబితా’ అని కనిపించేవాటిని మరీ నమ్మకండి, 2010లో పరీక్ష మారాక అధికారిక జాబితా అంటూ ఏదీ ఇవ్వట్లేదు, అవన్నీ అంచనాలే.

నా కార్డు ముందువైపు జపనీస్ వాక్యం మొత్తం ఉంటుంది, వెనక చదివే తీరు, ఆడియో, తెలుగు అర్థం. అర్థం ఇంగ్లిష్‌లో కాకుండా తెలుగులో రాసుకోమని గట్టిగా చెబుతాను. అకు, అకేరు రెండింటికీ ఇంగ్లిష్‌లో ఓపెన్ అనే ఉంటుంది, మనకేమో తెరుచుకోవడం, తెరవడం అని తేడా తెలిసిపోతుంది. ఒచిరు, ఒతొసు కూడా అంతే, పడిపోవడం, పడేయడం. ఇలాంటి జంటలు జపనీస్‌లో బోలెడు, పరీక్షలో తెగ అడుగుతారు. అలాగని ప్రతిచోటా తెలుగు కాపాడదు. నేను వేరేవాళ్లకి ఇస్తే అగేరు, వాళ్లు నాకిస్తే కురేరు, మనకి రెండూ ఇవ్వడమే. అక్కడ వాక్యం లేని కార్డు దండగ.

కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, పక్కన పెట్టి పదాలు మాత్రం నేర్చుకుంటానంటే ఎన్‌4 దాకా ఎలాగో లాగించవచ్చు. ఆ పైన కష్టం. కిషా అంటే విలేకరి, రైలు, మీ కంపెనీ, ఆఫీసుకి తిరిగి రావడం, అన్నీ అవుతాయి, రాసినప్పుడు తేడా చెప్పేది కాంజీయే. కాంజీకి కథలు అల్లి గుర్తుపెట్టించే సైట్‌కి కొన్నాళ్లు నెలనెలా డబ్బు కట్టాను. కథలు బాగున్నాయి గానీ ముందుకు దూకనివ్వదు, పరీక్ష దగ్గర పడ్డవాళ్లకి అది కుదరదు.

ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న డెక్ అసలు ముట్టుకోవద్దు. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మ. దీర్ఘం చూపించకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. హిరగానా అనే జపనీస్ లిపి వచ్చేదాకా తెలుగు లిపిలో రాసుకున్నా నష్టం లేదు, మనకి దీర్ఘాలు, ఒత్తులు ఉన్నాయి కదా.

కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో అన్నీ ఉచితమే. ఐఫోన్ యాప్‌కి మాత్రం ఒకసారి డబ్బు పెట్టాలి, ఆంకీవెబ్ బ్రౌజర్‌లో ఊరికే తెరుచుకుంటుంది కాబట్టి ఓ నెల అందులో చేసి, అప్పటికీ రోజూ తెరుస్తుంటేనే కొనండి.