చైనా చేతిరాతను విడగొట్టి చూపించే ప్రోగ్రామ్: మిర్చి ఆఫీసు నుంచి రివ్యూ

చైనా పార్టీలతో వ్యాపారం చేసేవాళ్లు, చైనీస్ నేర్చుకుంటున్నవాళ్లు ఈ ప్రోగ్రామ్ తప్పకుండా వాడి చూడాలి. నేను గుంటూరు చుట్టుగుంటలో ఒక మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తాను. మా సరుకులో తేజ రకం ఎక్కువగా చైనాకే పోతుంది. శాంపిల్ సంచుల మీద, ప్యాకింగ్ లిస్టుల అంచున అక్కడివాళ్లు చేత్తో రాసి పంపుతారు. ఫోన్ కీబోర్డులో ఆ అక్షరం గీస్తే దగ్గరగా ఉన్నవన్నీ వరసగా చూపించి ఎంచుకోమంటుంది. భాష రానివాడికి అందులో ఏది సరైనదో ఎలా తెలుస్తుంది?

మా మేనకోడలు ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేసిన ఈ ప్రోగ్రామ్ దారి వేరు. అక్షరాన్ని బొమ్మలా పోల్చి చూడదు, వాక్యంలా చదువుతుంది. ఏ గీత తర్వాత ఏ గీత రావాలి, ఏ భాగం దేని పక్కన, దేని కింద ఉండాలి అన్నవే దీని వ్యాకరణ సూత్రాలు. మనం గీసిన వరుస వాటికి పొసిగితే, తెలుగు మాస్టారు బోర్డు మీద సంధి విడదీసినట్టు అక్షరాన్ని ముక్కలు చేసి చూపిస్తుంది. ఆలోచన పాతదే. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో కింగ్-సన్ ఫు అనే ప్రొఫెసర్ 1970లలోనే ఆకారాలను వ్యాకరణంతో గుర్తించే పద్ధతికి పునాది వేశారు. చైనా 1980లో కంప్యూటర్ల కోసం ఖరారు చేసిన జాబితాలోనే 6763 అక్షరాలున్నాయి. వాటిలో చాలావరకు అవే భాగాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి సూత్రాలతో పని నడుస్తుంది.

మాకు రోజూ కావలసిన మాట మిర్చి. లాజియావ్ అంటారు, రెండక్షరాలు. రెండోది 12 గీతలు: ఎడమ పక్క చెట్టు అనే అర్థమున్న భాగం 4, కుడి పక్క 8. చెట్టు ఒంటరిగా ఉంటే చివరి గీత కుడికి సాగుతుంది, ఎడమ పక్కకు ఒదిగితే చిన్న చుక్కయిపోతుంది. దానికి వేరే సూత్రం ఉంది, వెంటనే పట్టేసింది.

మొదటి అక్షరం దగ్గరే చిక్కొచ్చింది. 14 గీతలు, రెండు పక్కలా ఏడేసి. మొదటి వెర్షన్ ఎడమ భాగాన్ని ఒప్పుకుని కుడి భాగంలో ఆగిపోయింది, ఆగిన గీతను ఎర్రగా చూపించింది. అమ్మాయి చూసి, “మావయ్యా, చెట్టు గీతల మధ్యలోకి పెట్టె దూరింది, అందుకే ఒప్పుకోవట్లేదు” అంది. నిజమే. అక్కడ చెట్టు అడ్డగీత ముందు గీసి, తర్వాత పెట్టె గీసి, ఆ పైన చెట్టులో మిగతాది పూర్తి చేస్తారు. ఒక భాగం ముగిశాకే ఇంకోటి మొదలవాలనే సూత్రానికి అది లొంగదు. ఆ ఆకారాన్నే విడి భాగంగా చేర్చి ఒక్క సూత్రం రాసింది, అయిపోయింది. వేలకొద్దీ నమూనాలు తెచ్చి మళ్లీ నేర్పించే పని లేదు. నాకు బాగా నచ్చింది ఇదే: కాదన్నప్పుడు ఎందుకు కాదంటోందో చెబుతుంది.

మట్టి, విద్వాంసుడు అన్న మాటలకు రాసే అక్షరాల్లో గీతలు మూడే, వరుస కూడా ఒకటే. కింది అడ్డగీత పొడవైతే మట్టి, పైది పొడవైతే విద్వాంసుడు. ఉత్త వరుసతో ఇది తేలదు కాబట్టి సూత్రానికి పొడవు షరతు కూడా తగిలించింది. తొందరలో రెండూ సమానంగా గీస్తే రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో చూపిస్తుంది.

ఫొటో తీసి ఇస్తే మాత్రం చదవదు. కాగితం చూసి మనమే ట్యాబ్ మీద గీయాలి, అదీ సరైన వరుసలో. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డగీత తర్వాత నిలువుగీత, పెట్టె అడుగు ఆఖర్న మూయాలి. ఈ నాలుగూ అలవాటైతే చాలావరకు గట్టెక్కుతాం. గొలుసుకట్టు రాత వస్తే దీనికి చేతకాదు. గీతలు కలిసిపోతే సూత్రాలకు పట్టు దొరకదు, అక్కడ నమూనాలతో నేర్చుకున్న ఫోన్ కీబోర్డే మేలు. నెట్ అక్కర్లేదు కాబట్టి సిగ్నల్ అందని కోల్డ్ స్టోరేజీ లోపల కూడా పనిచేస్తుంది.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఇది అక్షరం దాటి చూడదు. చైనాలో జిన్ అంటే అరకిలో. దాని ముందు ఇంకో అక్షరం చేరిస్తే కిలో. ముందుదాన్ని గీయకుండా వదిలేస్తే తూకం సగానికి పడిపోతుంది, ప్రోగ్రామ్ హెచ్చరించదు. తర్వాతి వెర్షన్‌లో అక్షరాల వరుసకూ సూత్రాలు రాయమని అడిగాను. పరీక్షలయ్యాక తూకాలతోనే మొదలుపెడతానంది.