ఫ్రీజర్ జిప్ కవర్లు: అడుగున పడ్డ సరుకు బయటికి రావాలంటే

ఒక లీటరు పట్టే, రెండు జిప్ గీతలున్న మందపాటి కవర్లివి. కూరగాయలు తెచ్చుకునే పల్చటి కవర్లు ఈ పనికి రావు, చలికి పెళుసెక్కి మూలల్లో చిరుగుతాయి.

వీటి అసలు లాభం సరుకును పలకలా గడ్డకట్టించడంలో ఉంది. ఉడికించిన గోంగూర ముద్దో, చింతపండు గుజ్జో పావుకిలో వేసి, సెంటీమీటరు మందాన పరిచి, గాలంతా నొక్కేసి పడుకోబెట్టాలి. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. పప్పులోకి కావలసినంత ముక్క పుటుక్కున విరిచి వేస్తే సరి. అదే డబ్బాలో పెడితే రాయిలా బిగుసుకుంటుంది, మొత్తం కరిగించాల్సిందే. అందుకే ఆ డబ్బా జోలికి నెలల తరబడి ఎవరూ పోరు.

వేడి తగ్గకుండా వేస్తే ఆవిరంతా లోపల మంచుపొడి అవుతుంది. గాలి మిగిలితే కొబ్బరికోరు ఎండి పీచులా తయారవుతుంది. జిప్‌లో ఒక్క కోరు ఇరుక్కున్నా సరిగా మూసుకోదు, తుడిచి మరీ నొక్కాలి. తేదీ ఖాళీ కవరు మీదే రాయండి, చెమ్మ పట్టాక మార్కర్ అంటదు.

అల్మారా సరుక్కీ పనికొస్తాయి. బొంబాయి రవ్వ, శనగపిండి మైనస్ 18 డిగ్రీల్లో 4 రోజులుంచితే పురుగులూ గుడ్లూ చస్తాయి. తీశాక చల్లదనం పోయేదాకా జిప్ తెరవొద్దు, పిండి చెమ్మగిల్లి ఉండలు కడుతుంది.

పచ్చిమాంసం పెట్టిన కవరు పారేయాల్సిందే. మిగతావి కడిగి బోర్లించి ఆరబెడితే నాలుగైదుసార్లు వస్తాయి, ముందు పాడయ్యేది జిప్ చివరలే. పులిసే దోసెల పిండికి మాత్రం వద్దు, ఉబ్బి జిప్ విచ్చుకుంటుంది.