4.5 కిలోవాట్ల గీజరుకి 4 ఎంఎం వైరు, 25 ఆంపియర్ల ఎంసీబీ: ఆరేళ్లు వాడాక

విజయనగరంలో మా ఇంట్లో 4.5 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టి, దాని నుంచి నేరుగా షవర్‌కి ఇచ్చి ఏడేళ్లు కావస్తోంది. గీజరుకి వంక పెట్టను. నిమిషానికి మూడు లీటర్ల ధార పెట్టుకుంటే నీళ్లు ఇరవై డిగ్రీల పైచిలుకు వేడెక్కుతాయి, మా ఊరి చలికి అది చాలు. నేను చెప్పాలనుకున్నది గోడలో ఉన్న వైరు గురించి, బోర్డులో ఉన్న ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్) గురించి.

మొదట్లో బాత్‌రూమ్ బయట ఉన్న పాత 16 ఆంపియర్ల ప్లగ్గుకే తగిలించాం. వెనకాల 2.5 ఎంఎం వైరు (అంటే రాగి అడ్డుకోత 2.5 చదరపు మిల్లీమీటర్లు). "ఏటీ అవదు మాస్టారూ, పవర్ ప్లగ్గే కదా" అన్నాడు బిగించిన కుర్రాడు. 4500ని 230తో భాగిస్తే 19.6 ఆంపియర్లు. ఆ లెక్క నేనైనా అప్పుడే వేసి ఉండాల్సింది. బోర్డులో ఉన్న 20 ఎంసీబీ రెండుసార్లు పడిపోతే తీసేసి 32 పెట్టాడు. పడిపోవడం ఆగింది, మేం సంతోషించాం.

సిరిమానోత్సవానికి చుట్టాలొచ్చారు. తెల్లవారుజాము నుంచి ఒకరి తర్వాత ఒకరు స్నానాలు. ఏడో మనిషి లోపల ఉండగా "పండగ పూట ఈ చేపల వాసనేటి?" అంది మా అత్త. ప్లగ్గు కాలే వాసన అలాగే ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది. స్విచ్ కట్టేసి లాగితే, న్యూట్రల్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, పాకంలా సాగుతూ వచ్చింది. ఎంసీబీ మాత్రం కదల్లేదు. తన గుండా పోయే కరెంటు తప్ప దానికి ఇంకేమీ తెలీదు. 32కి ఇరవై ఆంపియర్లు ఒక లెక్క కాదు, ప్లగ్గు ఎంత కాలినా సరే. అమ్మవారి దయవల్ల అంతటితో పోయింది.

తర్వాత పెద్ద మేస్త్రీని పిలిచాం. ఆయన పెన్సిల్‌తో గోడ మీదే లెక్క రాశాడు: ముందు లోడు, దాని కంటే పెద్దది ఎంసీబీ, దాని కంటే పెద్దది వైరు మోసే కరెంటు. రాత్రిపూట వోల్టేజీ 245 దాకా వెళ్తే ఇదే గీజరు 21 ఆంపియర్లు లాగుతుంది, పైగా ఎండాకాలం బోర్డు పెట్టె వేడెక్కుతుంది. 20 ఎంసీబీ ఊరికే పడింది అందుకే. కాబట్టి 25. గోడ పైపులో, 40 డిగ్రీల వేడిలో 2.5 రాగి వైరు సుమారు 21 ఆంపియర్లు మోస్తుంది, 4 వైరు 28 దాకా మోస్తుంది. కాబట్టి 4, ఎర్త్‌తో సహా. బోర్డు నుంచి మాకు 14 మీటర్లు. ఆ దూరానికి 2.5 వైరులో వేడిగా పోయేది దాదాపు 90 వాట్లు, 4లో 55. ప్లగ్గు పూర్తిగా తీసేసి, బాత్‌రూమ్ బయట 32 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ (ఫేజు, న్యూట్రల్ రెండూ కట్టేసేది). మధ్యలో ఎక్కడా జాయింటు లేదు.

ఈ ఆరేళ్లలో ఆ వైరు వల్ల చిన్న ఇబ్బంది కూడా రాలేదు. పండగ రోజుల్లో వరసగా ఎనిమిది స్నానాలయ్యాక స్విచ్ ప్లేటు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. ఏడాదికోసారి మెయిన్ ఆపి స్విచ్ స్క్రూలు బిగిస్తాం. ప్రతిసారీ ఒకటి రెండు పావు చుట్టు తిరుగుతాయి.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ గురించి, అంటే కరెంటు కాస్త లీకైనా సరఫరా ఆపేసే బ్రేకరు గురించి, ఒక్కటి చెప్పి తీరాలి. నాలుగో ఏట మా అమ్మాయి స్నానం చేస్తుండగా అది పడింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది. చూడ్డానికి వచ్చినతను దాన్ని బైపాస్ చేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. గీజరు విప్పితే, బోరు నీళ్ల సున్నం గట్టి పెచ్చులా పట్టి, హీటర్ కడ్డీ పైతొడుగు వెంట్రుకవాసి పగిలి ఉంది. కరెంటు నీళ్లలోకి వస్తోంది. ఎంసీబీకి అంత చిన్న లీకు ఆనదు. ఆ సాయంత్రం చాలాసేపు అమ్మాయిని పక్కనుంచి కదలనివ్వలేదు.

నాకున్న అసంతృప్తి ఒకటే: ఇంటి మొత్తానికి ఒకే ఆర్‌సీసీబీ. అది పడితే ఇల్లంతా చీకటి, తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. గీజరుకి విడిగా ఒకటి పెట్టించాల్సింది. బోర్డులో ఖాళీ లేదు, పెట్టె మార్చాలి. వచ్చే నెల మేస్త్రీ వస్తానన్నాడు.