ఏ అమరావతికమ్మా, గుడికా సెక్రటేరియట్‌కా?

తుళ్ళూరు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కారాపి దారి అడిగితే ఒక పెద్దాయన మమ్మల్ని అడిగిన మాట ఇది. అప్పటికి టైము పదకొండు దాటింది. పొద్దున తొమ్మిదింటికి విజయవాడలో బయల్దేరాం, గంటన్నరలో గుడి దగ్గరుండాల్సింది, రెండు గంటలుగా క్రేన్లూ మట్టి లారీలూ సగం లేచిన బిల్డింగుల మధ్య తిరుగుతున్నాం, డ్రైవర్ మాత్రం ఫోన్ చూపించి "అమరావతి అన్నారు, అమరావతికే తెచ్చాను మేడమ్" అంటాడు. నేను ఇదంతా రాయడానికి కారణం ఆ రోజే. మొదటి రాత్రి లాడ్జి సంగతి పక్కన పెడితే మిగతా మూడు రోజులు బాగానే గడిచాయి, కానీ ఆ శుక్రవారం మా బాబు మొహం చూశాక ఇంకెవరూ ఇలా వెళ్ళి అలా తిరిగి రాకూడదనిపించింది.

మొదట్నించీ చెప్తాను. మాది వైజాగ్. సంక్రాంతి హడావుడి అయ్యాక జనవరి చివర్లో నాలుగు రోజులు ఎటైనా పోదామనుకున్నాం. మా ఆయన ఊటీ అన్నారు, అత్తయ్య దుర్గమ్మ దర్శనమూ మంగళగిరి పానకమూ అన్నారు, చివరికి తేల్చింది మా బాబు. వాడిది ఆరో క్లాసు, అమరావతి స్తూపం మీద ప్రాజెక్టు ఇచ్చారట, నోట్‌బుక్ నిండా బొమ్మలేసుకుని కూర్చున్నాడు. సరే అని విజయవాడ ఫిక్స్ చేశాం. నన్నడిగితే ఊరిని ఇలాగే ఎంచుకోవాలి, ఇంట్లో ఒక్కరికైనా అక్కడ ఏదో ఒకటి చూడాలన్న తపన ఉండాలి. "విజయవాడలో తప్పక చూడాల్సిన 10 ప్లేసులు" లాంటి వీడియోలు మా ఆయన డజను చూశారు, అందులో ఒక్కడూ ఏ రోజు ఏది మూసేస్తారో చెప్పలేదు.

బుధవారం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడలో చీకటి పడ్డాక దిగాం. లాడ్జి ముందే యాప్‌లో బుక్ చేశారు మా ఆయన, నలుగురికి ఫ్యామిలీ రూమ్ 1,850, స్టేషన్‌కి 300 మీటర్లు అని ఉంది. మేం ఒకటో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు మెయిన్ గేట్లోంచి బయటికొచ్చి ఆటో అడిగితే 250 అన్నాడు. 300 మీటర్లకి 250 ఏంటయ్యా అని గొడవపడి, సామాను, అత్తయ్య మోకాళ్ళు చూసి ఇంకేం చేస్తాం ఎక్కేశాం. తీరా చూస్తే లాడ్జి స్టేషన్‌కి అవతల, తారాపేట వైపు. పట్టాలు దాటి సూటిగా కొలిస్తే 300 మీటర్లే, రోడ్డు మీద మొత్తం చుట్టూ తిరిగి రావాలి. స్టేషన్ లోపలే ఫుట్ బ్రిడ్జి ఎక్కి పదో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు దిగి ఉంటే నడిచి పోయేవాళ్ళం. కాబట్టి విజయవాడ స్టేషన్ దగ్గర లాడ్జి అని ఎవరైనా చెప్తే ముందు ఏ వైపు అని అడగండి, గాంధీనగర్ వైపా తారాపేట వైపా అని.

ఇంక ఆ లాడ్జి. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా "నలుగురికి కాదు ముగ్గురికే బుకింగు, ఎక్స్‌ట్రా బెడ్ 600" అన్నాడు. యాప్‌లో నలుగురని స్పష్టంగా ఉంది, చూపిస్తే "అది వాళ్ళనడగండి" అంతే. డబ్బులు ముందే కట్టేశాం, రాత్రి ఎనిమిదిన్నర, ఎక్కడికి పోతాం. 600 ఇచ్చాక ఎక్స్‌ట్రా బెడ్ అని ఒక పరుపు తెచ్చి నేల మీద పడేశాడు. గదికి కిటికీ లేదు. ఫోటోల్లో ఉన్న కిటికీ ఏ లాడ్జిదో తెలీదు. దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె మరక అరచేతంత ఉంది. గీజర్ ఉంది గానీ వైరు పీకేసి ఉంది, వేడినీళ్ళు కావాలంటే బకెట్ 50. బాత్రూమ్ గడియ విరిగిపోతే ఇనప తీగ చుట్టారు, ఆ తీగ లోపల్నించి మెలి పెడితే గానీ తలుపు నిలవదు, అత్తయ్య వేళ్ళకి అది చేతకాదు, ఆవిడ వెళ్ళినప్పుడల్లా నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తన చీర ఒకటి మంచం మీద పరుచుకుని గోడకానుకుని కూర్చునే తెల్లార్చారు, ఒక్క మాట అనలేదు. ఆ మౌనానికి మా ఆయన ఎంత కుంగిపోయారో నాకు తెలుసు. పొద్దున తొమ్మిదింటికి తలుపు కొట్టి చెకౌట్ అన్నాడు. 24 గంటల చెకౌట్ కాదా అంటే ఆన్‌లైన్ వాళ్ళకి కాదట. రెండో రాత్రి డబ్బులు తిరిగిరావని తేల్చేశాడు, అయినా సరే బయటికొచ్చేశాం. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే, ముందు డబ్బు కట్టకండి. రైల్లో వచ్చేవాళ్ళయితే మీ టికెట్ పీఎన్ఆర్ మీద స్టేషన్ రిటైరింగ్ రూమ్ దొరుకుతుందేమో ఐఆర్‌సీటీసీలో ముందు అది చూడండి.

గవర్నర్‌పేటలో ఒక సందులో పాత లాడ్జి దొరికింది, 1,700. గది చూపించాకే డబ్బులడిగారు, కిటికీ ఉంది, 24 గంటల చెకౌట్ అని గోడ మీద పెయింటుతో రాసి ఉంది. అది చాలు. గురువారం దుర్గమ్మ దర్శనం, మహామండపం వైపు లిఫ్ట్ ఉండబట్టి అత్తయ్యకి మెట్ల బాధ తప్పింది, గంటలో బయటికొచ్చేశాం. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలు, టికెట్ మనిషికి 25, మూడో అంతస్తులో ఒకే రాతిలో చెక్కిన అనంతపద్మనాభస్వామి చీకట్లో అలా పడుకుని ఉంటే మా బాబు పాదాల దగ్గర్నించి తల దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఆటో రానూ పోనూ 400.

శుక్రవారం అమ్మవారి దగ్గర రద్దీ ఎక్కువని దర్శనం గురువారమే పెట్టుకుని అమరావతిని శుక్రవారానికి తోశాం. అక్కడే దెబ్బతిన్నాం.

కారు మాట్లాడుకున్నాం, 8 గంటలు 80 కిలోమీటర్లు 2,800. అబ్బాయి ఫోన్లో అమరావతి అని కొట్టాడు, అది రాజధాని అమరావతిలో ఎక్కడో ఒక చోట గుర్తు చూపించింది. వెలగపూడి వైపు వెళ్ళాం, సెక్రటేరియట్ బోర్డులు కనిపించాయి, అక్కణ్ణించి ఒక కొత్త రోడ్డు ఎక్కితే అది ఉన్నట్టుండి మట్టిలో ఆగిపోయింది, వెనక్కి తిరిగాం. రాజధాని అమరావతి వేరు, అమరేశ్వరుడి గుడీ స్తూపమూ ఉన్న పాత అమరావతి ఊరు వేరు, అది తుళ్ళూరు దాటి ఇంకా ముందుకి కృష్ణ ఒడ్డున ఉంటుంది, 2022లో జిల్లాలు విడగొట్టాక ఇప్పుడది పల్నాడు జిల్లా. ఆ టీ కొట్టు పెద్దాయనే "అమరేశ్వరం గుడి అని అడగండమ్మా, ఉత్త అమరావతి అంటే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు" అని దారి చెప్పాడు. అంత వివరంగా చెప్పి, టీ తాగి వెళ్ళండని కూడా అన్నాడు. గుడి మూసేస్తారేమోనన్న కంగారులో ఆగలేదు, ఇప్పుడు బాధగా ఉంది.

పన్నెండుంపావుకి చేరాం. గుడి తెరిచే ఉంది, దర్శనమైంది. పంచారామాల్లో ఇది అమరారామం, తెల్లటి లింగం ఎంత పొడుగంటే అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు, అత్తయ్య మొహంలో రెండు రోజుల తర్వాత నవ్వు చూశాను. అక్కణ్ణించి మ్యూజియానికి వెళ్తే గేటుకి తాళం. శుక్రవారం సెలవు.

మా బాబు ఏడవలేదు. నోట్‌బుక్ చంకలో పెట్టుకుని గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు, ఎంత పిలిచినా కదల్లేదు. ఈ డ్రైవర్ వారానికి రెండు మూడు సార్లు ఇక్కడికొస్తానని పొద్దున తనే చెప్పాడు, శుక్రవారం మూస్తారని తెలీదా అంటే "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు. నాకు అప్పుడొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అక్కణ్ణించి మంగళగిరి, కొండ మీది పానకాల స్వామి గుడి మధ్యాహ్నం మూడు దాకానే, ఆ తర్వాత దేవతలు పూజ చేసుకుంటారని నమ్మకం, మేం చేరేసరికి మూడుంపావు. కింద గుడి, పదకొండు అంతస్తుల గాలిగోపురం చూసి వచ్చేశాం. విజయవాడలో దిగాక లెక్క చెప్పాడు, 46 కిలోమీటర్లు ఎక్స్‌ట్రా, కిలోమీటరుకి 14 చొప్పున 644, గంట ఎక్కువైనందుకు 200, మొత్తం 3,644. దారి తప్పింది నువ్వు, కిలోమీటర్లు మావా? రోడ్డు మీద పావుగంట వాదించాను. అత్తయ్య "వదిలెయ్యమ్మా" అన్నారు, ఇచ్చేశాం.

రాత్రి మా ఆయన ఇంక వైజాగ్ వెళ్ళిపోదాం అన్నారు. నేను వద్దన్నాను. శనివారం పొద్దున్నే పండిట్ నెహ్రూ బస్టాండుకి వెళ్ళి ఎంక్వైరీలో "పాత అమరావతి, గుడి దగ్గరకి" అని అడిగి పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్ళకి ఫ్రీ కదా, ఆధార్ చూపిస్తే నాకూ అత్తయ్యకీ జీరో టికెట్ ఇచ్చారు, మా ఆయనకి 60, బాబుకి అరటికెట్ 30. బస్సు నేరుగా ఊళ్ళో దింపింది. మ్యూజియం టికెట్ మనిషికి 5, పిల్లలకి లేదు. ముందు రోజు 3,644 పెట్టి తాళం చూసొచ్చాం, ఈ రోజు నలుగురికీ కలిపి పోయేటప్పటి ఖర్చు 105.

మ్యూజియం చిన్నదే. అమరావతి శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి, ఇక్కడ మిగిలినవి కొన్నే. అయినా నాకు కొరత అనిపించలేదు. మా బాబు ఒక పూర్ణకుంభం పలక ముందు ఆగిపోయాడు. పొట్ట లావుగా ఉన్న కుండ, అంచులోంచి పొంగుకొచ్చినట్టు తామరలు, కొన్ని మొగ్గలు, కొన్ని విచ్చుకున్నవి, ఒక రేకు అంచు విరిగిపోయి ఉంది, తెల్లటి పల్నాటి రాయి అక్కడ లేత ఆకుపచ్చగా కనిపిస్తోంది. "అమ్మా, ఇది గవర్నమెంటు కాగితాల మీద ఉండే గుర్తు కదా" అన్నాడు. నిజమే, మన రాష్ట్ర చిహ్నంలో పూర్ణఘటం ఇక్కడి శిల్పాన్నుంచే తీసుకున్నారు. అక్కడ డ్యూటీలో ఉన్న ఆయన వీడు గీసుకోవడం చూసి దగ్గరకొచ్చి, ఫ్యాను కిందికి స్టూలు జరిపి కూర్చోబెట్టాడు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు హయాంలో స్తూపం దిబ్బ తవ్వి రాళ్ళు ఇళ్ళకీ గుళ్ళకీ పట్టుకుపోవడం, ఆ సంగతి విని బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ దొర రావడం, మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించడం, ఇదంతా ఓపిగ్గా చెప్పాడు. "ఆయన గీయించబట్టే తర్వాత పోయినవి ఎలా ఉండేవో తెలిసింది, నువ్వు కూడా సరిగ్గా గీయి" అన్నాడు వాడితో. మా వాడు గంటంబావు ఆ స్టూలు మీదనుంచి లేవలేదు. పక్కనే స్తూపం దిబ్బ, ఇటుకల గుండ్రటి వరసా చుట్టూ నిలబెట్టిన పలకలూ, చూడటానికి పెద్దగా ఏం లేదనిపిస్తుంది గానీ మ్యూజియంలో నమూనా చూసి వెళ్తే ఆ దిబ్బ మీద గుమ్మటం మన కళ్ళే కట్టుకుంటాయి. కాబట్టి ముందు మ్యూజియం, తర్వాతే దిబ్బ.

భోజనం గుడి వీధిలో ఒకావిడ ఇంటి ముందు గదిలో నడుపుతున్న మెస్‌లో, 100 రూపాయలు. బోర్డు కూడా సరిగ్గా లేదు, పూల కొట్టమ్మాయి చెప్తే వెళ్ళాం. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, దాని పక్కన కోసిన పచ్చి ఉల్లిపాయ, చల్ల మిరపకాయలు, నెయ్యి అడక్కుండానే రెండోసారి వేసింది. మా వైపు గోంగూర ఇంత కారంగా చెయ్యం, బాబుకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఆవిడ గబగబా గిన్నెడు గడ్డపెరుగు తెచ్చి వాడి విస్తట్లో వేసింది. అత్తయ్యని "వదినగారూ, కింద కూర్చోలేరేమో, బల్ల మీద వడ్డిస్తాను" అని అడిగి మరీ కూర్చోబెట్టింది. పెరుగు డబ్బులు వేరేగా ఇవ్వబోతే "పిల్లాడికి పెట్టినదానికి డబ్బులేంటి" అని కోప్పడింది. లాడ్జిలో 50 రూపాయల వేడినీళ్ళ తర్వాత ఈ మాట వినేసరికి నాకు గొంతు పట్టేసింది.

అక్కణ్ణించి గుంటూరు బస్సెక్కి బ్రాడీపేటలో మా పిన్ని ఇంటికి వెళ్ళాం. గుంటూరులో అడ్రస్ పట్టుకోవడమంత సులువు నేనెక్కడా చూడలేదు. పిన్ని 5/9 అని మాత్రం చెప్పింది, అంటే ఐదో లైను, తొమ్మిదో అడ్డరోడ్డు. అరండల్‌పేట కూడా అంతే. లైన్లు ఒక వైపు, అడ్డరోడ్లు ఒక వైపు, లెక్కపెట్టుకుంటూ నడవడమే, ఫోన్ తియ్యలేదు. విజయవాడలో అలా కుదరదు, అక్కడ సెంటర్ పేరు తెలియాలి, విజయా టాకీస్ అనో అలంకార్ సెంటర్ అనో బీసెంట్ రోడ్ అనో చెప్తే ఆటోవాళ్ళకి క్షణంలో వెలుగుతుంది, ఇంటి నంబర్ చెప్తే మొహం చూస్తారు. అమరావతి, మంగళగిరి ముఖ్యమనుకుంటే గుంటూరులో దిగడమే మేలని నా అభిప్రాయం, దుర్గమ్మ, ఉండవల్లి, కొండపల్లి అయితే విజయవాడ.

కొండపల్లి మాకు కుదరలేదు, బాబుకి బొమ్మ బాకీ ఉంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకే మంగళగిరి కొండ మీదున్నాం. బిందెడు పానకం తీసుకుంటే పూజారి గారు శంఖంతో స్వామి నోట్లో పోస్తూ ఉంటే గుటక వేసిన చప్పుడు వస్తుంది, ఒక చోట ఆగిపోతుంది, ఇంక పోయరు, మిగిలింది మనకి ప్రసాదం. అత్తయ్య ఆ చప్పుడు కోసం చెవి ముందుకి పెట్టి, కళ్ళు మూసుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అంత బెల్లం పారే చోట చీమ కనిపించదని ఆవిడ చిన్నప్పట్నించీ వింటున్నారట, వచ్చేటప్పుడు మెట్టు మెట్టుకీ వంగి చూసుకుంటూ దిగారు. రాత్రి రైల్లో నీళ్ళ సీసాలో తెచ్చిన పానకం ఎదురు బెర్తు వాళ్ళక్కూడా పోశారు, మొదటి రాత్రి లాడ్జి సంగతి అప్పుడు నోరు విప్పి మొత్తం వాళ్ళకి చెప్పారు.