ఎన్ఎఫ్ఎస్ మీద హోమ్ ఫోల్డర్లు, రెండున్నరేళ్ల వాడకం తర్వాత: ‘సాఫ్ట్’ మాత్రం పెట్టకండి

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో పుస్తకాల డీటీపీ పని. పన్నెండు డెస్క్‌టాప్‌లు, ఒక సర్వర్. అన్నింట్లోనూ డెబియన్ 12 లినక్స్, గ్నోమ్ డెస్క్‌టాప్. ఎవరి హోమ్ ఫోల్డరూ (సొంత ఫైళ్లు, సెట్టింగులు ఉండే చోటు) వాళ్ల మెషీన్లో ఉండదు. అన్నీ సర్వర్లోనే ఉంటాయి, ఎన్ఎఫ్ఎస్ 4.2 మీద మౌంట్ అవుతాయి, అంటే నెట్‌వర్క్ మీదుగా ప్రతి మెషీన్లోనూ సొంత ఫోల్డర్లలా కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని ఇక్కడ ఎత్తుకోను. డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఎందుకు కూలిందో, ఆ కారణాన్ని ఎలా పట్టుకోవాలో అదే రాస్తున్నాను.

ఈ ఏర్పాటు సుఖమేమిటో ముందు చెప్పాలి. మూడో నంబరు మెషీన్ పాడైతే ఆపరేటర్ లేచి వెళ్లి ఏడో నంబరు ముందు కూర్చుంటారు. అవే ఫైళ్లు, అదే తెలుగు కీబోర్డు లేఅవుటు, అవే ఫాంట్లు. బ్యాకప్ ఒక్క సర్వర్‌కి తీస్తే చాలు. జూన్‌లో బడులు తెరిచే ముందు గైడ్ల పని ముంచుకొచ్చినప్పుడు ఈ ఒక్క సౌకర్యమే గంటలకొద్దీ మిగిల్చింది.

ఇక కోపం సంగతి. మౌంట్ ఆప్షన్లలో ‘సాఫ్ట్’ అని ఒకటి ఉంది: సర్వర్ కొంతసేపు పలకకపోతే ఎర్రర్ ఇచ్చేసి ఊరుకోమని దాని అర్థం. “సర్వర్ అందకపోతే మెషీన్ బిగుసుకుపోతుంది, సాఫ్ట్ పెట్టెయ్యండి” అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఇక్కడా మొదటి నుంచీ అదే ఉంది: సాఫ్ట్, టైమియో=30 (జవాబు కోసం ఆగే సమయం), రీట్రాన్స్=2 (మళ్లీ అడిగే సార్లు). మొదటి వేసవి మొత్తం ఆ ఒక్క మాట వల్లే పోయింది.

లక్షణం ఇలా ఉండేది. మధ్యాహ్నం పని మధ్యలో ఏడెనిమిది మెషీన్లలో ఒకేసారి తెర నల్లబడి లాగిన్ తెర వచ్చేస్తుంది. మిగతా నాలుగైదు హాయిగా నడుస్తుంటాయి. వేలాండ్ (కిటికీలను తెర మీద చూపే పద్ధతి) సెషన్‌లో గ్నోమ్ షెల్ చచ్చిపోతే దాని మీద నడిచే ప్రోగ్రాములన్నీ దానితోపాటే పోతాయి కాబట్టి, సేవ్ చెయ్యని పేజీ పోయినట్టే. కరెంటు పోయిందా అని అడిగితే “లేదండీ, తెర ఆరలేదు, లైటు వెలుగుతూనే ఉంది” అనేవారు ఆపరేటర్లు. ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానం, తర్వాత ర్యామ్ మీద. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క తప్పూ రాలేదు.

దారి చూపింది కోర్‌డంప్‌సీటీఎల్, కూలిన ప్రోగ్రాముల చిట్టా చూపే ఆదేశం. డెబియన్‌లో ఇది దానంతట అదే రాదు, సిస్టమ్‌డీ-కోర్‌డంప్ ప్యాకేజీ విడిగా పెట్టుకోవాలి. పెట్టాక మళ్లీ కూలే దాకా ఆగి, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి, హోమ్ ఫోల్డర్ సర్వర్ మీద లేని ఒక లోకల్ అకౌంటుతో లోపలికి వెళ్లాలి. ఇలాంటి అకౌంటు ప్రతి మెషీన్లోనూ ముందే చేసి ఉంచుకోండి, దాని హోమ్ /వార్/లోకల్ కింద పెట్టండి. సర్వర్ అందని రోజున అదొక్కటే మీ చేతిలో ఉండే తాళంచెవి. లోపలికి వెళ్లి ‘కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్’ కొడితే గ్నోమ్ షెల్, గ్నోమ్ సెట్టింగ్స్ డీమన్‌లు, టెర్మినల్, అన్నీ ఒకే సెకన్లో చచ్చినట్టు ఉంది. అన్నింటి పక్కనా సిగ్‌బస్, అంటే 7వ నంబరు సిగ్నల్. ఇదే అసలు ఆనవాలు. ప్రోగ్రాములో మామూలు తప్పు ఉంటే ఎక్కువగా 11 కనిపిస్తుంది, అది సిగ్‌సెగ్వీ. సంబంధం లేని నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి 7తో చచ్చాయంటే తప్పు ప్రోగ్రాములది కాదు, వాటి కింద ఉన్న ఫైలుది.

ఎలాగంటే, గ్నోమ్ సెట్టింగులన్నీ డీకాన్ఫ్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. ఆ ఫైలు హోమ్‌లో .కాన్ఫిగ్/డీకాన్ఫ్/యూజర్. సెట్టింగు కావలసిన ప్రతి ప్రోగ్రామూ ఆ ఫైలును రీడ్ చేసుకుని పక్కన పెట్టుకోదు, ఎమ్‌మ్యాప్ చేసుకుంటుంది. అంటే ఫైలే మెమరీ అన్నట్టు వాడుకుంటుంది. కావలసిన ముక్క (దాన్ని పేజీ అంటారు) అప్పటికే ర్యామ్‌లో ఉంటే గొడవ లేదు. లేకపోతే కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ పలకలేదనుకోండి, మామూలు రీడ్ అయితే ‘ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్’ అని జవాబు ఇచ్చి ఊరుకోవచ్చు. మెమరీని చదువుతున్నవాడికి ఎర్రర్ చెప్పే దారి లేదు. అక్కడ ఉన్నది సిగ్‌బస్ ఒక్కటే, అది తగిలిన ప్రోగ్రాము చస్తుంది. నాలుగైదు మెషీన్లు బతికి బయటపడటానికీ ఇదే కారణం: వాటికి కావలసిన పేజీలు అప్పటికే ర్యామ్‌లో ఉన్నాయి.

ఇక్కడ ఒక మెచ్చుకోలు. ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ తన క్యాష్ ఫైలు నెట్‌వర్క్ డిస్కు మీద ఉందేమో ముందు చూసుకుంటుంది, ఉంటే ఎమ్‌మ్యాప్ జోలికి పోదు. డీకాన్ఫ్ మామూలు పద్ధతిలో ఆ జాగ్రత్త తీసుకోదు. ఫాంట్ ఫైళ్లను తెరిచే ఫ్రీటైప్ కూడా ఎమ్‌మ్యాప్ చేస్తుంది. ఆపరేటర్లు హోమ్‌లో .లోకల్/షేర్/ఫాంట్స్ కింద పొన్నాల, రామభద్ర, మల్లన్న లాంటి ఫాంట్లు పోగేసుకుంటారు కాబట్టి లేఅవుట్ ప్రోగ్రాములూ ఇదే దారిన పోయేవి. ఇప్పుడు ఫాంట్లన్నీ ప్రతి మెషీన్లో /యూఎస్ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్‌కి మార్చేశాం, మార్చాక ‘ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్’ కొట్టాం. ఫాంటు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఫైలు మీదే కాపీ కొట్టకండి. వేరే పేరుతో పక్కన పెట్టి, ‘ఎమ్‌వీ’తో అసలు పేరుకి మార్చండి. తెరిచి ఉన్న ఫైలు ఒక్క క్షణం చిన్నదైనా అదే సిగ్‌బస్ వస్తుంది, దానికి నెట్‌వర్క్ కూడా అక్కర్లేదు.

అయినా సర్వర్ ఎందుకు పలకలేదు? సర్వర్ ఒక్కసారి కూడా ఆగలేదు. డెస్క్‌టాప్‌లో ‘జర్నల్‌సీటీఎల్ -కె’తో కెర్నల్ లాగ్ చూస్తే ‘సర్వర్ నాట్ రెస్పాండింగ్, టైమ్డ్ అవుట్’ అని ఉంది. సర్వర్లో అదే నిమిషానికి ‘లింక్ ఈజ్ డౌన్’, ముప్ఫయ్యెనిమిది సెకన్ల తర్వాత ‘లింక్ ఈజ్ అప్’. రెండు వైపులా ఒకేసారి లింక్ పోయిందంటే మధ్యలో ఉన్నది ఒక్కటే: నెట్‌వర్క్ స్విచ్. మెషీన్లకి యూపీఎస్ ఉంది, సర్వర్‌కి ఉంది, లైట్లు ఇన్వర్టర్ మీద ఉన్నాయి. స్విచ్ మాత్రం గోడకి ఉన్న మామూలు ప్లగ్‌లో ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే దాకా అది ఆరిపోయేది. తెర ఆరలేదన్న ఆపరేటర్ల మాట అక్షరాలా నిజం.

లెక్క వేయండి. టైమియో పదో వంతు సెకన్లలో ఉంటుంది, 30 అంటే మూడు సెకన్లు. టీసీపీ (ఇక్కడ ఎన్ఎఫ్ఎస్ నడిచే నెట్‌వర్క్ పద్ధతి) మీద ప్రతి ప్రయత్నానికీ అంతంత పెరుగుతుంది: మూడు, ఆరు, తొమ్మిది. అన్నీ కలిపినా పద్దెనిమిది సెకన్లే, ఆలోపే సాఫ్ట్ చేతులెత్తేసి ఎర్రర్ ఇచ్చేస్తుంది. స్విచ్ ఆరి ఉన్నది ముప్ఫయ్యెనిమిది సెకన్లు. అదే ‘హార్డ్’ అయితే కెర్నల్ ‘నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్’ అని లాగ్‌లో రాసుకుని అడుగుతూనే ఉంటుంది. ప్రోగ్రాము అక్కడే ఆగి, లింక్ వచ్చాక ఆగిన చోటు నుంచే సాగుతుంది. లాగ్‌లో చివరి మాట ‘టైమ్డ్ అవుట్’ అయితే మీ మౌంట్ సాఫ్ట్, ‘స్టిల్ ట్రయింగ్’ అయితే హార్డ్. ఫైలు తెరిచి చూడక్కర్లేకుండా ఈ ఒక్క తేడాతో తెలిసిపోతుంది.

మార్చడం సులువే. /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో సాఫ్ట్ తీసి హార్డ్ పెట్టి, టైమియో, రీట్రాన్స్ రెండూ తీసెయ్యండి. టీసీపీ మీద టైమియో దానంతట అదే 600, అంటే ఒక నిమిషం. ‘_నెట్‌డెవ్’ (నెట్‌వర్క్ వచ్చాకే మౌంట్ చెయ్యమనే మాట) ఉంచండి. రీమౌంట్‌తో ఈ మార్పు ఎక్కదు, మెషీన్ రీబూట్ చెయ్యాలి. తర్వాత ‘ఎన్ఎఫ్ఎస్‌స్టాట్ -ఎమ్’ కొట్టి హార్డ్ అని కనిపిస్తోందో లేదో చూసుకోండి. ‘ఇంటర్’ అనే పాత ఆప్షన్ చేర్చమని ఎవరైనా చెబితే వినకండి, కెర్నల్ 2.6.25 నుంచి దాన్ని పట్టించుకోవడమే లేదు. బిగుసుకున్న ప్రోగ్రాముని ‘కిల్ -9’తో చంపొచ్చు, ఆ వీలు ఇప్పుడు ఎప్పుడూ ఉంటుంది. సాఫ్ట్ మీద రాతలు జరుగుతుంటే చప్పుడు లేకుండా డేటా చెడిపోయే ప్రమాదం ఉందని ఎన్ఎఫ్ఎస్ మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది. పుస్తకం పేజీలు ఉన్న డిస్కుకి ఆ ఒక్క వాక్యం చాలదా?

మార్చాక టెస్ట్ అకౌంటుతో లాగినై, స్విచ్ ప్లగ్ పీకి నలభై సెకన్లు ఆగి మళ్లీ పెట్టి చూశాం. ఎడిటర్ కదలకుండా ఆగిపోయింది. ప్లగ్ పెట్టిన కాసేపటికి, మధ్యలో కొట్టిన అక్షరాలన్నీ వరసగా పడ్డాయి. ఒక్క ప్రోగ్రామూ చావలేదు. ఆ తర్వాతే స్విచ్‌ని సర్వర్ యూపీఎస్‌కి కలిపాం. ఈ వరస ముఖ్యం. ముందే కలిపేసి ఉంటే లక్షణం పోయేది, సాఫ్ట్ మాత్రం లోపల అలాగే ఉండి, ఏ కేబుల్ వదులైన రోజునో మళ్లీ కాటేసేది.

ఇక పైన పొగిడిన సుఖానికి ఒక షరతు. ఎక్కడ కూర్చున్నా అదే డెస్క్‌టాప్ అన్నాను. ఒకేసారి ఒక్క చోటే కూర్చుంటే అది నిజం. నాలుగో మెషీన్లో లాగౌట్ కాకుండా తొమ్మిదికి వెళ్లి ప్రూఫ్ ప్రింట్ తీసుకుంటే, ఒకే అకౌంటుకి రెండు సెషన్లు. డీకాన్ఫ్ ‘సెట్టింగు మారింది’ అనే కబురు /రన్/యూజర్ కింద ఉండే చిన్న ఫైలు ద్వారా చెప్పుకుంటుంది. ఆ ఫైలు ఏ మెషీన్‌ది ఆ మెషీన్‌దే. తొమ్మిదిలో మారినది నాలుగుకి తెలియదు, చివరికి ఎవరు రాస్తే వాళ్లదే నిలుస్తుంది. మర్నాడు తెలుగు కీబోర్డు లేఅవుటు మాయమైపోయి, భాషల జాబితాలో ఇంగ్లీషు ఒక్కటే మిగలడం ఇలాగే జరుగుతుంది.

దీనికి డీకాన్ఫ్‌లోనే మందు ఉంది, చాలామంది దాకా చేరలేదు. ప్రతి మెషీన్లో /ఈటీసీ/డీకాన్ఫ్/ప్రొఫైల్/యూజర్ అనే ఫైలు చేసి, అందులో ఒక్క వరస రాయండి: ‘సర్వీస్-డీబీ:కీఫైల్/యూజర్’. అప్పుడు సెట్టింగులు హోమ్‌లో యూజర్.టీఎక్స్‌టీ అనే మామూలు టెక్స్ట్ ఫైలుగా నిలుస్తాయి. ప్రోగ్రాములు ఎమ్‌మ్యాప్ చేసే ఫైలు మాత్రం ఆ మెషీన్ సొంత మెమరీలో తయారవుతుంది, నెట్‌వర్క్ దాని దరికి రాదు. మార్చే ముందు ‘డీకాన్ఫ్ డంప్ /’తో ఉన్న సెట్టింగులన్నీ ఒక ఫైల్లోకి తీసుకోండి, మార్చి లాగిన్ అయ్యాక ఏదైనా పోతే ‘డీకాన్ఫ్ లోడ్ /’తో తిరిగి ఎక్కించండి. సంపూర్ణం అని మాత్రం అనను. ఒక మెషీన్లో మార్చినది రెండో మెషీన్లో తెరిచి ఉన్న సెషన్‌కి వెంటనే చేరదు. అయినా ఈ వరస పెట్టిన దగ్గర్నుంచి డీకాన్ఫ్ వల్ల వచ్చిన సిగ్‌బస్ ఒక్కటీ లేదు.

ఫైర్‌ఫాక్స్ క్యాష్‌ని లోకల్ డిస్కుకి తోసెయ్యడం వేగానికీ మంచిదే: /ఈటీసీ/ప్రొఫైల్.డీ కింద రెండు వరసల స్క్రిప్టు రాసి, ఎక్స్‌డీజీ_క్యాష్_హోమ్‌ని /వార్/లోకల్ కింద యూజర్ పేరున్న ఫోల్డరుకి చూపండి, ఫోల్డరు అనుమతి 700 ఉంచండి. గ్నోమ్ బదులు కేడీఈ వాడేవాళ్లు, ఫైళ్ల వెతుకులాటకి జాబితా కట్టే బలూ ఇండెక్సర్‌ని ఆపేయండి. దాని డేటాబేస్ నడిచే ఎల్ఎమ్‌డీబీ నెట్‌వర్క్ డిస్కుల మీద వాడవద్దని దాని పత్రాల్లోనే ఉంది.

ఇంకొక చిక్కు ఉంది, అది క్లోనింగ్ వల్ల వచ్చింది. ఒక మెషీన్ సిద్ధం చేసి డిస్కును మిగతావాటికి కాపీ కొట్టారు. హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో మెషీన్ పేరు) పదింటికి మార్చారు, రెండింటికి ‘డెబియన్’ అనే ఉండిపోయింది. లినక్స్‌లో ఎన్ఎఫ్ఎస్ 4.1, 4.2 క్లయింటు సర్వర్‌కి తన గుర్తుగా పంపేది హోస్ట్‌నేమే. రెండు మెషీన్లు ఒకే పేరు చెబితే సర్వర్ ‘ఇది అదే మెషీన్, రీబూట్ అయి వచ్చింది’ అనుకుని మొదటిదాని లాకులు (ఫైలుని ఇంకొకరు మార్చకుండా వేసే తాళాలు) ఊడదీస్తుంది. మొదటిది మళ్లీ చేరితే రెండోదానివి పోతాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అర్థంలేని ఎర్రర్లు చూపిస్తాయి, కెర్నల్ లాగ్‌లో ‘లాక్ రీక్లెయిమ్ ఫెయిల్డ్’ పడుతుంది. ఆ మాటలు కనబడ్డాయా, ముందు హోస్ట్‌నేమ్‌లు చూడండి. ‘హోస్ట్‌నేమ్‌సీటీఎల్’తో మార్చి రీబూట్ చేస్తే సరి.

హార్డ్‌కీ ఖరీదు ఉంది. సర్వర్ నిజంగా ఆగితే పన్నెండు మెషీన్లూ శిలల్లా నిలబడతాయి. టెర్మినల్‌లో డిస్కు ఖాళీ చూపే ‘డీఎఫ్’ కొట్టినా తిరిగి రాదు. ఇక్కడ సర్వర్ పక్క గదిలోనే ఉంది, తంతి నెట్‌వర్క్, యూపీఎస్ ఉంది, రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు దాని దగ్గర ఉంటారు. అందుకే హార్డ్ ఇక్కడ సరిపోయింది. వైఫై మీద ల్యాప్‌టాప్‌లు తిప్పేవాళ్లకి హోమ్ మొత్తాన్ని ఎన్ఎఫ్ఎస్ మీద పెట్టమని నేను చెప్పను. వాళ్లు హోమ్‌ని లోకల్‌గానే ఉంచుకుని పని ఫోల్డరు ఒక్కటి సర్వర్ మీద పెట్టుకోవడం మేలు. రెండు మూడు మెషీన్లే ఉన్న షాపుకి కూడా ఇంత ఏర్పాటు బహుశా అక్కర్లేదు.

సర్వర్ రీబూట్ అయిన రోజున మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి. పాత క్లయింట్లు తమ లాకులు తిరిగి తీసుకోడానికి సర్వర్ మామూలుగా 90 సెకన్ల గడువు ఇస్తుంది. ఆలోపు కొత్తగా లాకు అడిగిన ప్రోగ్రాము తెరుచుకోకుండా వేచి ఉంటుంది. ఆ 90 సెకన్లలో పవర్ బటన్ నొక్కి మెషీన్ ఆపేసినవాళ్ల ఫైళ్లే ఇక్కడ చెడిపోయాయి. ఇప్పుడు ప్రతి మానిటర్ అంచున ఒక చీటీ అంటించి ఉంది: “సర్వర్ వచ్చాక రెండు నిమిషాలు ఆగండి, బటన్ ముట్టుకోవద్దు.”