అల్పపీడనం: బులెటిన్‌లో ఒకలా, టీవీలో మరోలా

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే మా ఇంట్లో రెండు కథలు వినిపిస్తాయి. ఒకటి వాతావరణ శాఖ బులెటిన్, రెండోది టీవీ.

బులెటిన్ చప్పగా ఉంటుంది, నిజమే. కానీ అందులో ప్రతి మాటకూ కొలత ఉంది. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితేనే వాయుగుండం, 50కి తీవ్ర వాయుగుండం, 62కి తుఫాను. 89 అయితే తీవ్ర తుఫాను, 118 అయితే అతి తీవ్ర తుఫాను. అది ఎటు కదులుతోందో, మత్స్యకారులు ఎప్పటివరకు వేటకు వెళ్లకూడదో కూడా చెబుతారు.

టీవీలో అదే అల్పపీడనం తెరంతా ఎర్రటి సుడిగా తిరుగుతుంది. ‘ముంచుకొస్తున్న ముప్పు’ అంటూ అక్షరాలు అదురుతాయి. ఒకసారి చీలమండ లోతు నీళ్లలో నిలబడి విలేకరి గొంతు చించుకుంటుంటే, ఆయన వెనకే ఒక పెద్దాయన సైకిల్ మీద నింపాదిగా వెళ్లిపోయాడు.

బులెటిన్ చదవని ఇంటికీ టీవీ వార్త చేరవేస్తుంది; ఆ మేలు కాదనలేను. ఆ మేలును అతిశయోక్తే తినేస్తోందన్నదే నా బాధ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చెట్లు కూకటివేళ్లతో సహా కూలాయి. ఆ రోజుకు తగిన మాటలను ప్రతి అల్పపీడనానికీ వాడేస్తే, అసలు తుఫాను వచ్చేనాటికి ఎవరు నమ్ముతారు?

అందుకే అమ్మకు నేను బులెటిన్‌నే చదివి వినిపిస్తాను. "గాలి ఎంతట?" అని ముందు అంకె అడుగుతుంది. పెరట్లో గెల వేసిన అరటికి ఊతకర్ర పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాతే తేల్చుకుంటుంది.