ఛాత్రోపాధ్యాయులకు ఏఐ చాట్‌బాట్: రెండేళ్లు వాడించాక

ములుగు జిల్లాలో మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులు, రెండు గదులు. ఏటా డీఎడ్ ఛాత్రోపాధ్యాయులు, అంటే టీచరు కోర్సు చదివేవాళ్లు, ఇంటర్న్‌షిప్‌కు వస్తారు. పాఠం తయారీకి వాళ్లతో ఫోన్‌లో ఉచితంగా దొరికే ఏఐ చాట్‌బాట్‌ను రెండేళ్లుగా వాడిస్తున్నాను.

మొదట్లో అందరూ "మూడో తరగతి తీసివేతలకు పీరియడ్ ప్లాన్ ఇవ్వు" అని అడిగి, వచ్చింది వచ్చినట్టు రికార్డులో ఎక్కించేవాళ్లు. అందులో ప్రొజెక్టర్ ఉంటుంది, గ్రూపుకో వర్క్‌షీట్ ఉంటుంది. మా బడిలో ప్రింటరే లేదు. అట్లా వాడితే నయాపైసా లాభం లేదు.

లాభం నాకు కనిపించింది ఒక తప్పు లెక్క దగ్గర. ఒక పాప 52లోంచి 38 తీసేసి 26 అని రాసింది. క్లాసు చెప్పే అమ్మాయి కొట్టేసి సరైన జవాబు రాసిచ్చింది. "జవాబు కాదమ్మా, 26 ఎట్లా వచ్చిందో అడుగు" అన్నాను. రాత్రి ఆ అమ్మాయి చాట్‌బాట్‌ను అడిగితే, 2లోంచి 8 పోదని పాప 8లోంచే 2 తీసి ఉంటుందని చెప్పింది. పదేసి పుల్లల కట్టలతో చూపించమంది. మర్నాడు ఆ అమ్మాయి చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు తెచ్చి పాప పక్కన కూర్చుంది. పాపే ఒక కట్ట విప్పి, 38 పుల్లలు పక్కన పెట్టి, మిగిలిన 14 లెక్కపెట్టింది. అప్పటి నుంచి ఆ అమ్మాయి తప్పులున్న నోటుబుక్కులే ముందు తీసేది.

మమ్మల్ని అడగడానికి మొహమాటపడే సందేహాలు కూడా దాన్ని అడుగుతారు. అదీ మంచిదే.

భాష దగ్గర మాత్రం కష్టం. లెక్కల్లో బంగాళదుంపలు వస్తాయి, మేం ఆలుగడ్డలనో మక్క కంకులనో మార్చుకుంటాం. కోయ పిల్లల కోసం కోయ మాటలు అడిగితే ఏవో ఇచ్చింది. ఒక తల్లికి చదివి వినిపిస్తే సగం మా మాటలు కావన్నది. ఇప్పుడు నేరుగా తల్లులనే అడుగుతున్నాం.

రామప్ప గుడిని రుద్రమదేవి కట్టించిందని కూడా చాట్‌బాట్ రాసింది. 1213లో కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి, మా జిల్లాలోనే ఉంది. దాని గురించి మా పిల్లలకే తప్పు చెప్పేవాళ్లమని ఆ రోజు చాలా బాధేసింది. పుస్తకంతో సరిచూడనిది ఇప్పుడు బోర్డు మీద రాయనివ్వను. పిల్లల పేర్లు, ఫోటోలు చాట్‌బాట్‌లో పెట్టనివ్వను.

ఈసారి వచ్చేవాళ్లకు మొదటి వారం చాట్‌బాట్ వద్దని చెప్తాను. పిల్లల పక్కన కూర్చుని, ఎవరు లెక్క ఎట్లా చేస్తున్నారో రాసుకోవాలి. రెండో వారం ఆ నోటుబుక్కు ముందు పెట్టుకునే ఫోన్ తీయాలి.